డాక్టరమ్మ చేతులు

నీట్ ర్యాంకు వచ్చిన వారం, స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 6లో మా పక్క క్వార్టర్ మావయ్యగారు నాకు బుద్ధి చెప్పడానికి వచ్చారు. ప్లాంటులో ఆఫీసరు కాబట్టి, ఏ చదువుకి ఎంత పరువో తనకే తెలుసని ఆయన నమ్మకం.

"ఏటమ్మా, పశువుల డాక్టరా? ఇంకో ఏడాది కోచింగ్ తీసుకో. జనం అడిగితే మీ నాన్న ఏటని చెప్పుకుంటాడు?" అన్నారు.

వాళ్ళింట్లో రోజూ తొలి రొట్టె వీధి ఆవుకే. అత్తయ్యగారు దాని నుదురు తాకి కళ్ళకద్దుకుంటారు. ఆ ఉదయం, వ్రతంలో మిగిలిన పులిహోర బకెట్టెడు దాని ముందు పెట్టారు. అంత అన్నం తింటే ఆవుకి కడుపుబ్బుతుందని ఆ పుణ్యాత్ములకి తెలీదు.

మావయ్యగారి ఉపదేశం పూర్తికాకముందే ఆవు వాళ్ళ గేటు ముందు కూలబడింది. గోహత్యాపాతకం చుట్టుకుంటుందని ఆయన గగ్గోలు పెట్టారు. నేనే ఫోన్ చేసి పక్క పేట రుఆబాంధా నుంచి పశువుల డాక్టరమ్మని పిలిపించాను.

ఆవిడ ఆవు ఎడమ డొక్కలోకి లావుపాటి సూది దించితే గాలి బుస్సుమని బయటికొచ్చింది. కాసేపటికి ఆవు లేచింది. మావయ్యగారు చెప్పులు విప్పి దానికి దణ్ణం పెట్టారు. పేడ చేతులతో నిలబడ్డ డాక్టరమ్మకి మాత్రం తోటకి నీళ్ళు పట్టే పైపు చూపించారు. లోపలికి రమ్మనలేదు, సబ్బయినా ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే కౌన్సెలింగ్ ఫారంలో పశువైద్యం ఒక్కటే నింపాను.

ఇప్పుడు నేనూ పశువుల డాక్టర్ని. ఆ గేటు దగ్గర ఆవుకి ఏమైనా మావయ్యగారు నాకే ఫోన్ చేస్తారు. వెళ్తాను. సబ్బు నేనే తీసుకెళ్తాను.