గోడెక్కిన నేల

రుమైథియాలో ఒక మామా ఇంట్లో గుర్రం అమ్ముడుపోయి, దాన్ని ఎక్కించి కారు వెనక లాక్కెళ్ళే పెట్టెలాంటి ట్రాలీ మిగిలిపోయింది. కువైట్‌లో మామా అంటే ఇంటి యజమానురాలు. వచ్చిన కొత్తలో ఆ మాట విని నేను మీసాలున్న మనిషి కోసం వెతికాను. ఆ ఇంట్లో పనిచేసే అక్కది మా గోదావరి పక్కే. ఆవిడ పెట్టే అల్లం టీకి మామా అలవాటు పడిపోయింది. తాగగా తాగగా ఒక ఆలోచన పుట్టింది: ట్రాలీని టీ బండిగా మార్చి, తన తమ్ముడి గుర్రపుశాల ముందు నిలబెట్టి, పొయ్యి దగ్గర అక్కను పెడితే ఎలా ఉంటుంది అని.

అలా ఆ ట్రాలీ షువైఖ్‌లో నేను పనిచేసే బళ్ళ మరమ్మతు షెడ్డుకు వచ్చింది, ఒక షరతుతో. తను చూడడానికి వచ్చేసరికి లోపల "మాకు హుసాన్" అయ్యుండాలంది మామా. హుసాన్ అంటే గుర్రం. మాకు అంటే ఇక్కడి అరబ్బీలో లేదు అని. తెలుగువాడి చెవికి మాత్రం గుర్రం మాకే ఇచ్చేశారని వినిపిస్తుంది. గుర్రం వాసన రవ్వంత మిగిలినా ట్రాలీని పాత ఇనుముకు వేసేస్తుంది, అక్క మళ్ళీ ఆ ఇంటి గదులు తుడుచుకోవాలి.

"ఇన్నేళ్ళూ ఒకళ్ళ నేల తుడిచాను తమ్ముడూ. ఈ ఒక్క నేల మీద నిలబడి నా టీ నేను కాచుకుంటానండీ, ఆయ్" అంది అక్క ఫోన్లో. తమ్ముడూ అన్న నోటితోనే అండీ కూడా అనేయడం మా వైపు మాటతీరు.

మేం లోపలి రబ్బరు చాపలు ఎత్తగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద చెక్కపలకలు గుర్రం మూత్రం తాగి తాగి నల్లబడి, వేలితో నొక్కితే కేకులా దిగుతున్నాయి. మా ఫోర్‌మన్‌ది జగిత్యాల. ముక్కు మూసుకుని, "గుర్రం పోయినా దాని ఆత్మ గిందులనే ఉన్నదిరా బై" అన్నాడు. పైన గళ్ళ అల్యూమినియం రేకు కొట్టేసి చేతులు దులుపుకుందామన్నది ఆయన ఆలోచన.

నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలంటే నా చదువు గురించి చెప్పాలి. బడిలో పదో తరగతితో ఆగాను. ఆ తర్వాతిదంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదివాను. పురాణాలు, పశువైద్యం, కోళ్ళ పెంపకం, రేడియో రిపేరు, ఏ బీరువానూ వదల్లేదు. కువైట్‌లో కూడా శుక్రవారం సెలవు దొరికితే మంగఫ్‌లో గది వదిలి, బస్సెక్కి, పఠనమందిరం వెతుక్కుంటూ పోతాను. గుర్రపు ట్రాలీల మీద అక్కడ ఏమీ దొరకలేదు గానీ, చిన్న పడవల మరమ్మతు మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని, నేల గురించి ఉన్న అధ్యాయం మొత్తం ఆబగా చదివేశాను. పడవ బయటి నీళ్ళను లోపలికి రానివ్వకూడదు. టీ బండి లోపలి నీళ్ళను కిందికి పోనివ్వకూడదు. అంటే లోపలి వైపు బయటికి తిప్పిన పడవ. ఈ సంగతి తట్టినప్పుడు పఠనమందిరంలో నేను పైకే నవ్వాను, పక్కాయన కుర్చీ జరుపుకున్నాడు.

రేకు వేస్తే వాసన కిందే ఉంటుందని, ఎండలో అదే మళ్ళీ పైకి తేలుతుందని, పైగా రేకు పెనంలా కాలుతుందని ఫోర్‌మన్‌కు చెప్పాను. నున్నటి టైల్స్ అయితే బండి కదిలిన మొదటి రోజే పగులుతాయి. పలకలన్నీ పీకి, కింది ఇనుప చట్రం తోమి, వెనిగర్ నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, తుప్పు పట్టని రంగు వేసి, దాని మీద నీటికి ఉబ్బని ప్లైవుడ్డు, ఆపైన మందపాటి వినైల్ షీటు. ఫోర్‌మన్ అంతా విని, "సరే లైబ్రరీ సారూ, యల్లా, కానియ్" అన్నాడు. ఆ బిరుదు నాకు లోపల్లోపల ఎంత నచ్చిందో ఆయనకు తెలియదు.

షీటు రంగు అక్క ఎంచింది. నమూనా ముక్కలు రుమైథియాకు పంపితే, ఒక్కోదాని మీద టీ ఒలకబోసి, పంచదార చల్లి, వాకిట్లో దుమ్ము దులిపి చూసిందట. తెల్లదాని మీద దుమ్ము కనబడింది, నల్లదాని మీద పంచదార కనబడింది. చివరికి గరుకుగా, ముదురు టీ రంగులో ఉన్నది పాసైంది. ఒలికినా టీకే తెలియాలి గానీ మనకు తెలియకూడదని అక్క తీర్పు.

ప్లైవుడ్డుకు రెండు వైపులా రంగు పూశాను, కోసిన అంచులకైతే రెండేసి సార్లు. చెక్క నీళ్ళు తాగేది అంచుతోనే. ఎండకు ఉబ్బితే చోటుండాలని గోడల పక్కన సందు వదిలాను. అసలు గొడవ షీటు పరిచేటప్పుడు వచ్చింది. దాన్ని గోడ దగ్గర ఆపకుండా, జానెడు పైకి మడిచి అతికించి, మూలలు వేడిచేసి కలిపేశాను, నేల మొత్తం ఒక తాంబాళం అయ్యేలా.

"నేల గోడెక్కుడేందిరా? నీ పుస్తకంల గోడను గూడ నేలకు దించమన్నరా?" అని ఫోర్‌మన్ షెడ్డంతా వినబడేలా అడిగాడు. ఆ రోజంతా అందరూ నన్ను చూసి గోడెక్కండి సారూ అంటూనే ఉన్నారు.

ఇంకా పొయ్యి, అలమరలు, కరెంటు పని మిగిలే ఉన్నాయి. కొత్త నేల మీద ఫ్రిజ్జుల అట్టపెట్టెలు విప్పి పరిచి, అంచులకు టేపు వేసి, చెప్పులు బయట విడవాలని నియమం పెట్టాను. గుమ్మం ముందు బూట్లు బారులు తీరాయి. పక్క షెడ్డు నుంచి పెయింటు వేయడానికి వచ్చిన ఈజిప్టు ఆయన ఆ బూట్లు చూసి, మెల్లగా గొంతు తగ్గించి, ఇక్కడ మసీదు ఎప్పుడు పెట్టారని అడిగాడు.

మామా వచ్చే రోజు అక్క ముందే వచ్చేసింది, సంచీలో పాలగిన్నెతో. కొత్త పొయ్యి మీద పాలు పొంగించకుండా ఎవరు టీ పెడతారు? కొత్త నేల పాడవుతుందన్నాను నేను. నాకు వత్తాసు వస్తాడనుకున్న ఫోర్‌మన్ అప్పటికే ఫోర్క్‌లిఫ్టు తెప్పించి, పొయ్యి తూర్పుకు ఉండేలా ట్రాలీని తిప్పిస్తున్నాడు. అట్టలు తీసేశాం. ముగ్గురం వట్టి కాళ్ళతో లోపలికి ఎక్కాం, ఫోర్‌మన్ మాత్రం సాక్సులతో.

పాలు గిన్నె అంచుకు వచ్చేసరికి గుమ్మంలో మామా. తెల్లటి నురగ పొంగి, పొయ్యి మీదుగా జారి, నేల మీదికి దూకింది. మామా పొయ్యి ఆపడానికి చెయ్యి చాచి పరుగున వచ్చింది. అక్క అడ్డం నిలబడి, "లా మామా, పొంగనీ" అంది, వద్దన్న సగం అరబ్బీ, మిగతా సగం తెలుగు. పాలు నేల మీద పారుతూ మూలకు వెళ్ళాయి. నా గుండె వాటితోనే వెళ్ళింది. మూలన షీటు గోడెక్కిన చోట తగిలి, ఆగి, బుద్ధిగా వెనక్కి తిరిగాయి. నేను కిందికి దూకి, వంగి ట్రాలీ కింద చూశాను. ఒక్క చుక్క లేదు.

మామా మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు విడిచి వచ్చింది, పాలలోనే నిలబడింది. వంగి నేలను వాసన చూసింది, మూలలు చూసింది, అలమర తెరిచి అందులో తల పెట్టి చూసింది. తర్వాత నింపాదిగా, "హలీబ్. మాకు హుసాన్" అంది. పాలట. గుర్రం లేదట.

అక్క గిర్రున మా వైపు తిరిగి తెలుగులో, "మాకు చాయ్ బండి తమ్ముడూ, మాకు" అని రెండు చేతులూ ఎత్తింది.

మామా మొహం మారిపోయింది. "మాకు చాయ్?" అంది. అప్పుడే టీ లేకపోవడమేమిటని, అందుకేనా తను ఇంత దూరం వచ్చిందని అరబ్బీలో అడుగుతూనే ఉంది. చెప్పబోయి నేను నవ్వేశాను. ఫోర్‌మన్ అయితే తడిసిన సాక్సులతో మూలకు పోయి, గోడెక్కిన నేలకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

అక్క గిన్నెలో మిగిలిన పాలలోనే టీ పొడి వేసింది.