దాల్చా బకెట్ పట్టిన లెఫ్ట్ వింగర్

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, ఫోన్లో సిగ్నల్ ఉంటే చాలు. హైదరాబాద్‌లో డిగ్రీ పరీక్షలు రాసి ఆదోనిలో మా మామూ ఇంటికి వచ్చినప్పుడు కోపం, సిగ్నల్ రెండూ నిండుగానే ఉన్నాయి. మామూ అక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్ నడిపేవారు (నడిపేవారనడం మర్యాదకి, నిజానికి తోసేవారు). ఆటగాళ్లకి జీతాలిచ్చే క్లబ్. ఆ ఏడు జీతాలు ఆగిపోయాయి. లీగ్‌కి వెళ్లడానికి బస్సు కూడా మాట్లాడుకోలేకపోతే క్లబ్ మూసేస్తానని మామూ చెప్పేశారు. "ఫోన్ నా చేతిలో ఉండగా ఎలా మూతపడుతుంది మామూ?" అని నేను లేచాను.

నాలుగు ఫోన్లు కొట్టి ఎమ్మిగనూరులో విత్తనాల సేటొకణ్ణి పట్టాను. జెర్సీ మీద తన కొట్టు పేరుండాలన్నాడు, సరే అన్నాను. క్లబ్ పేరే మార్చమన్నాడు, పళ్లు కొరుక్కుంటూ దానికీ సరే అన్నాను. చివరికి బావమరిదిని వెంటబెట్టుకుని గ్రౌండుకే వచ్చాడు.

"ఈయప్పను ముందర ఆడించాల. గోలు ఈయప్పే కొట్టాల."

బావమరిది బెల్టు సర్దుకుంటున్నాడు (పొట్ట కింద అది దొరికితే కదా). "ఈయన పరిగెత్తగలరా?" అని అడిగాను.

"ఉరికేది ఎందుకప్పా? మీ పిల్లోల్లు బాలు తెచ్చి కాళ్లకాడ పెడతారు. దుడ్డు నాది గదా!"

"నీ దుడ్డు నీ దగ్గరే పెట్టుకో! మమ్మల్ని కూడా సంచుల్లో పోసి అమ్ముతావా?" అని గ్రౌండంతా అదిరేలా అరిచాను. సేటు బండెక్కి పోయాడు.

మామూ తిట్టలేదు. "అరిసేది అయిపాయెనా? ఇంగ బకెట్ పట్టు" అన్నారు.

అంటే బిర్యానీ మీదికి పోసే పప్పు, దాల్చా బకెట్. మా టీమ్ మొత్తాన్ని పెళ్లిళ్లలో వడ్డనకి ఒప్పుకున్నారట! నాకు ఒళ్లు మండిపోయింది. "లెఫ్ట్ వింగర్ దాల్చా పోయడమేంటి మామూ? పరువుందా మనకి?"

"మనోల్లు ఉరుకుతారు, అలిసిపోరు, ఒకరికొకరు అడ్డం రారు. ఇంతకన్నా మంచి వడ్డనోల్లు యాడ దొరుకుతారు, సెప్పు?"

ఒప్పుకోవడానికి ఇప్పటికీ మంటే కానీ, నిజం. 'రైలు' అని పిలిచే మా లెఫ్ట్ వింగర్ భోజనాల బంతి ఒక కొసన మొదలుపెడితే రెండో కొసనే ఆగేవాడు. గోల్‌కీపర్ బిర్యానీ దేగిసా ముందు నిలబడితే పెళ్లికొడుకు చుట్టాలు కూడా చెయ్యి పెట్టలేకపోయేవారు.

బస్సుకి ఇంక ఒక్క పెళ్లి చాలనగా, ఎమ్మిగనూరులో వడ్డనకి వెళ్లాం. బంతిలో ఎదురుగా సేటు, పక్కనే బావమరిది.

"ఏమప్పా మేనేజరూ, ముక్క ల్యాకుండా ఏసినావే?" బావమరిది పళ్లన్నీ బయటపెట్టాడు.

బకెట్ రెండు చేతులా పైకెత్తాను. రైలు నా చెవిలో గొణిగాడు: "అన్నా, నెత్తిన పోసేవు. మన బస్సు ఈ పెండ్లిలోనే ఉండాది."

రెండు ముక్కలు తెప్పించి వేశాను. దాల్చా పోశాను, ప్లేట్లోనే.

"నిదానంగా పోప్పా, ఎందుకట్ల ఉరుకుతావు?" అన్నాడు సేటు.

"మాకు ఉరికేదే పని సార్. ఉరకలేనోళ్లు కూర్చుని తింటున్నారు కదా!"

బంతంతా గొల్లుమంది. మామూ మాత్రం దేగిసా వైపు తిరిగి దగ్గారు.

ఆ వారమే బస్సు కదిలింది. మొదటి మ్యాచ్ ఓడిపోయి రిఫరీతో గొడవపడ్డాం, అయినా క్లబ్ మాత్రం మూతపడలేదు. ఇప్పుడు ఎక్కడో పెద్ద క్లబ్ అప్పుల్లో మునిగిందని ఫోన్లో చూస్తే చాలు, యజమానుల్ని తిడుతూ పేరాలు పేరాలు కొడతాను. మధ్యలో అప్పటి నేను, ఆ బకెట్ కుర్రాడు గుర్తొస్తాడు. మోచేతుల దాకా నూనె, మొహం నిండా కోపం, జేబులో ఫోన్ మోగుతున్నా తీయడానికి చెయ్యి ఖాళీ లేదు, బంతి చివర ఖాళీ ప్లేటు కనబడితే ఒకటే పరుగు. వాడి మీద మాత్రం నాకు కోపం రాదు.