ఆకులు రాలే ఉగాది

న్యూజిలాండ్‌లో ఉగాది ఆకులు రాలేటప్పుడు వస్తుంది. ఆక్లాండ్‌కి వచ్చిన కొత్తలో మా ఆయన దీనిమీద తెగ జోకులు వేసేవారు. "చిగుళ్ళు కావాలంటే దసరా దాకా ఆగాలోయ్" అని. ఇక్కడి సొంత చెట్లు చాలావరకు ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు తెచ్చి నాటుకున్నవే ఆకులు రాలుస్తాయి. మా ఇంటి ముందున్నది ఆ జాతిదే.

ఆ ఏడాది ఉగాదికి కొద్ది వారాల ముందు, ఆరో నెలలో, నాకు కడుపు పోయింది. ఆడపిల్ల. ఆసుపత్రిలో తెల్లటి గుడ్డలో చుట్టి చూపించారు. నేను చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఇంటికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. ఎంత కోపం వచ్చేదో నాకు.

పండగ దగ్గర పడుతుంటే మా అత్తగారు ఫోన్ చేశారు.

"పచ్చడి చెయ్యమ్మాయ్. పుట్టని బిడ్డకి ఏటిసూతకం ఏవిటి? పండగ మానకూడదు."

ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు పండగ చేసుకోరు కదా. ఆ లెక్కలోకి మా పిల్ల రాదన్నమాట. ఆవిడ నా మంచికే చెప్పారు, నాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. ఈయన ఆ సాయంత్రమే ఇండియన్ షాపుకి వెళ్ళి బెల్లం, చింతపండు, పచ్చి మామిడికాయ తెచ్చి వంటగట్టు మీద పెట్టారు. వేప్పువ్వు దొరకలేదట. మనింట్లో చేదుకేం తక్కువ అనబోయి ఊరుకున్నాను.

పండగ ముందురోజు సిటీలో ఏదో పని చూసుకుని వస్తుంటే వాన పట్టుకుంది. పక్కనే ఆర్ట్ గ్యాలరీ ఉంటే లోపలికి దూరాం. ఒక గది నిండా విక్టోరియా రాణి కాలపు బొమ్మలు. ఎటు చూసినా ఆకురాలు కాలమే. శరత్తంటే మనకు పిండారబోసినట్టు వెన్నెల, బతుకమ్మ, దసరా. వీళ్ళకేమిటో ఈ ఏడుపు అనుకున్నాను.

ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. నల్ల గౌను వేసుకున్న ఆవిడ చెట్టు కింద బల్ల మీద కూర్చుంది. చుట్టూ ఎండుటాకులు. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి, అరచేతులు పైకి తిరిగి.

గ్యాలరీలో బొమ్మల గురించి చెప్పే పెద్దావిడ ఒకరు మా దగ్గరికి వచ్చారు. ఆ కాలంలో చావును నేరుగా గీయలేని చోట ఇలా రాలే ఆకులు గీసేవారట. అయినవాళ్ళు పోతే ఆడవాళ్ళు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, నల్లబట్టలే కట్టేవారట.

"ఎవరు పోయారు ఈవిడకి?" అని మా ఆయన ఇంగ్లీషులో అడిగారు.

"చిత్రకారుడు చెప్పలేదు" అని ఆవిడ నవ్వి వెళ్ళిపోయారు.

"పిల్ల పోయింది" అన్నాను నేను తెలుగులో. "ఆ చేతులు చూడండి."

ఈసారి ఆయన తల తిప్పుకోలేదు. ఆ చేతుల వైపే చూస్తూ నిలబడ్డారు. ఆసుపత్రిలో ఇలా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదనిపించింది. వాన తగ్గింది, జనం బయటికి వెళ్తున్నారు. ఆయన కదల్లేదు.

చివరికి నా వైపు తిరిగారు.

"ఆ మామిడికాయ పప్పులో వేసెయ్. మనకి ఈ ఏడు పండగ లేదు. అమ్మకి నేను చెప్తాను."