రేపల్లె బండి... రానూపోనూ టిక్కెట్టు

చిన్నప్పుడు బాపట్ల స్టేషన్లో టిక్కెట్టు కిటికీ నాకు అందేది కాదు... మునివేళ్ల మీద నిలబడితే లోపలున్న క్లర్కు గారి చెయ్యి మాత్రం కనపడేది. అట్ట టిక్కెట్టుని ఇనప మిషన్లో పెట్టి టకామని తేదీ గుద్దేవారు. ఆ చప్పుడు వింటే చాలు, నాకు ప్రాణం లేచొచ్చేది. అమ్మ దగ్గరికి వెళ్తున్నానన్నమాట!

అమ్మ దగ్గరికి వెళ్లడానికి టిక్కెట్టేంటి అంటారా... చెప్తాను. నాన్న పోయాక అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని రేపల్లెలో మావయ్య వాళ్లింటికి చేరింది. ఇద్దరు పిల్లలతో తోబుట్టువింట్లో ఉంటే ఏం బావుంటుందని, పిల్లల్లేని మా పెద్దమ్మ నన్ను బాపట్ల తెచ్చుకుంది. పెద్దమ్మ చెడ్డదేం కాదు, ఆ మాటంటే నా కళ్లు పోతాయి. తలంటి, జడలేసి, పూలు పెట్టి... ఏ లోటూ చెయ్యలేదు. కానీ బడి నించి రాగానే "అమ్మా" అని కేకేసుకుంటూ లోపలికి పరిగెత్తే యోగం లేదు కదా... కాళ్లు కడుక్కుని నెమ్మదిగా వెళ్లేదాన్ని, చుట్టాల పిల్లలాగా.

నెలకోసారి, శనివారం ఒంటిపూట బడి అవగానే, పెదనాన్న నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లేవారు. రానూపోనూ టిక్కెట్టే కొనేవారు. ఆ అట్టకి మధ్యలో గీత ఉండేది. రేపల్లెలో దిగాక గేటు దగ్గర టీసీ గారు ఒక ముక్క చించుకుని, రెండోది తిరుగు ప్రయాణానికి మన చేతిలో పెట్టేవారు. సోమవారం దాటితే అది చెల్లేది కాదు.

పెదనాన్నకి కొట్టు వదిలి రావడం కుదరదు. అందుకని ప్లాట్‌ఫారం మీద అటువైపు వెళ్లే ఆడవాళ్లని వెతికేవారు. "అక్కయ్యగారూ, మా పిల్లండి... తెనాల్లో కాస్త రేపల్లె బండి ఎక్కించండి" అనేవారు. ముక్కూ మొహం తెలియని ఆవిడ "అలాగేనండి, మీరు బెంగెట్టుకోకండి" అని నా చెయ్యి పట్టేసుకునేది. ఇవాళ ఎవరైనా ఆడపిల్లని అలా పంపిస్తే ఊరుకుంటారా!

తెనాల్లో పడిగాపులు... బెంచీ మీద కూర్చుని, రుమాలు కొసన ముడేసిన టిక్కెట్టుని తడుముకుంటూ ఉండేదాన్ని. బండెక్కాక కంట్లో బొగ్గు నలుసులు. వేమూరు... భట్టిప్రోలు... ఎంతకీ రేపల్లె రాదే! వచ్చేసరికి గేటవతల అమ్మ, చంకలో తమ్ముడు. వాడంటే ఎంత కుళ్లో నాకు! వాడికి టిక్కెట్టుతో పని లేదు మరి.

సోమవారం పొద్దున మళ్లీ అదే రాగం. "నేనిక్కడే ఉంటానమ్మా" అని నా ఏడుపు. అమ్మ జడ అల్లుతూ "టిక్కెట్టుంది కదమ్మా... వెళ్లకపోతే ఎలా?" అనేది. ప్రతిసారీ అదే మాట.

నా చిట్టి బుర్రకి అర్థమైందేంటంటే... నన్ను వెనక్కి పంపేది పెద్దమ్మా కాదు, మావయ్యా కాదు... ఆ అట్టముక్క! మరి అదే లేకపోతే?

నాలుగో క్లాసులో అనుకుంటా... వానాకాలం. స్టేషన్ నించి ఇంటికెళ్లే దారిలో కాలవ వంతెన దగ్గర అమ్మ ఆగి తమ్ముడి ముక్కు తుడుస్తోంది. నేను గబగబా రుమాలు ముడి విప్పి, మిగిలిన ఆ ముక్కని నీళ్లలో పడేశాను. కాస్త దూరం తేలి గుర్రపుడెక్కలో దూరిపోయింది.

అబ్బ, ఆ ఆదివారం! అంత సంబరం మళ్లీ నా జన్మలో ఎరగను. ఎటూ ఉండిపోతాను కదా అని నా చెక్కబొమ్మ తమ్ముడికి ఇచ్చేశాను. పెట్టెలో అమ్మ చీరల పక్కన నా పరికిణీలు సర్దుకున్నాను. వీధి చివర బడికి వెళ్లి, కిటికీలోంచి తొంగి చూసి, ఏ బెంచీలో కూర్చోవాలో కూడా అనుకునొచ్చాను.

సోమవారం పొద్దున అమ్మ జడేసి, రుమాలు అందుకుంది. ముడి లేదు.

"టిక్కెట్టేదే?"

"పోయింది." ఎంత ధీమాగా చెప్పానో! "ఇంక నేను వెళ్లక్కర్లేదు కదమ్మా?"

అమ్మ ఖాళీ రుమాలు మడిచి నా చేతిలో పెట్టింది. తిట్టలేదు, కొట్టలేదు. వంటింట్లోంచి అత్తయ్య "బండికి టైమవుతోంది వదినా" అంది. అమ్మ లేచి, పెట్టెలోంచి నా పరికిణీలు తీసి సంచిలో కుక్కి, నా చెయ్యి పట్టుకుంది.

దారంతా వాగుతూనే ఉన్నాను... టిక్కెట్టు లేకుండా ఎక్కితే టీసీ పట్టుకుంటాడనీ, జైల్లో వేస్తారనీ. అమ్మ నడక ఆపలేదు. స్టేషన్లో కిటికీ దగ్గర నిలబడి కొంగు ముడి విప్పింది.

"బాపట్లకి ఒక అర టిక్కెట్టివ్వండి బాబూ."

అప్పుడు తెలిసింది నాకు... టిక్కెట్టు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చని. అమ్మ కొంటుందని.

ఆ రోజు నేను ఏడవలేదు. ఎందుకో రాలేదు. ఎవరో పెద్దావిడకి నన్ను అప్పగించి, బండి కదిలాక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అమ్మే ఏడ్చింది. ఆ పెద్దావిడ తెనాలి దాకా "ఏంటమ్మా, అమ్మ మీద బెంగా?" అని అడుగుతూనే ఉంది. లేదండి, అన్నాను.

ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ "టిక్కెట్టుంది కదమ్మా" అనలేదు. నేనూ "ఇక్కడే ఉంటాను" అని అడగలేదు. ఇద్దరం స్టేషన్ దాకా వానల గురించో, తమ్ముడి అల్లరి గురించో మాట్లాడుకుంటూ నడిచేవాళ్లం.

ఇప్పుడు అట్ట టిక్కెట్లు లేవు... బొగ్గింజన్లు లేవు... పక్కవాళ్ల పిల్లని చెయ్యి పట్టుకుని బండి ఎక్కించే అక్కయ్యగార్లూ లేరు. ఫోన్లో నొక్కితే టిక్కెట్టు, వద్దనుకుంటే ఇంకో నొక్కుతో రద్దు.

మీలో ఎవరైనా అమ్మ దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్లొచ్చిన వాళ్లున్నారా? ఉంటే ఒక్క మాట రాయండి... ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే అనుకున్నాను.