గోడ అవతలి నల్లా

1995 జూన్‌లో నన్ను మున్సిపల్ కార్పొరేషన్ పట్టణ ప్రణాళిక విభాగం సూపర్‌వైజరుగా చిక్కడపల్లి ప్రాంతానికి వేశారు. నారాయణగూడ కాలేజీల పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు జిల్లాల నుంచి వచ్చి అక్కడి ఇళ్లలోనే గదులు కిరాయికి తీసుకునేవారు. హాస్టళ్లు కట్టడానికి ఖాళీ జాగా లేదు.

నా ముందుకొచ్చిన మొదటి ఫిర్యాదు అశోక్‌నగర్‌లోని లక్ష్మీబాయి గారి ఇంటి మీద. భర్త పోయాక ఆవిడ మేడ మీది గదులు విద్యార్థులకు ఇచ్చారు. ఆ కిరాయితోనే ఇల్లు గడుస్తోంది. వాళ్లు రేడియోతో గోల చేస్తున్నారనీ, ఖాళీ చేయించాలనీ పక్కింటి నర్సింగరావు గారు రాశారు. నివాస గృహాన్ని అనుమతి లేకుండా వసతి గృహంగా వాడితే ముందు షోకాజ్ నోటీసు, అంటే సంజాయిషీ అడగడం. తర్వాత ఖాళీ చేయించడం. పిల్లలకు పరీక్షలు దగ్గర పడ్డాయి. నేను నోటీసు రాసి, పై అధికారి, అసిస్టెంట్ సిటీ ప్లానర్ యాదగిరి గారి ముందు పెట్టాను. ఆయన సంతకం చేయలేదు. పొద్దున నల్లాలో నీళ్లొచ్చే వేళకు వెళ్లి చూద్దామన్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. లక్ష్మీబాయి గారి పెరట్లో నల్లా చుట్టూ విద్యార్థులు తువ్వాళ్లతో స్నానాలు చేస్తున్నారు. నడుమెత్తు గోడకు అవతల నర్సింగరావు గారి నల్లా ఊరికే పారుతోంది. ఆయన భార్య వంటింటి గడప దగ్గర ఆగిపోయి ఉన్నారు.

"ఏం గోల జేస్తున్నరమ్మా?" అని యాదగిరి గారు ఆవిడను అడిగారు.

"గోలేం లేదు సార్, మంచి పోరగాండ్లే. గీళ్ల తానాలయ్యేదాక నేను బయటికెట్ల రావాలె? తోమే బోళ్లన్ని గట్లనే ఉన్నయి."

ఆవిడ వెనక నిలబడ్డ నర్సింగరావు గారు తల దించుకున్నారు. ఇంటి ఆడవాళ్ల ఇబ్బందిని కాగితం మీద పెట్టడం ఇష్టం లేక రేడియో అని రాశారు.

"గీ మాట నాకు జెప్తే అయిపోతుండె గద, వదినా!" అన్నారు గోడ ఇవతల నుంచి లక్ష్మీబాయి గారు.

"ఏమని జెప్పాలె? అంగీలు తొడుక్కొని తానం జేయమనా?"

ఒక కుర్రవాడు నవ్వాడు. మిగతావాళ్లు డ్రమ్ము చాటుకు వెళ్లారు.

ఇంటి పక్కన వదలాల్సిన ఖాళీలో స్నానాల గది కట్టడం నిబంధనలకు విరుద్ధం. అందుకని యాదగిరి గారు మేడ ఎక్కి, వీధివైపు మెట్ల పక్కన టేపుతో కొలిచారు. అక్కడ స్నానాల గది కట్టాలి, అంతవరకు పెరట్లో రేకులు అడ్డం పెట్టాలి, ఆ షరతు మీద గదులు ఉండనివ్వవచ్చు అని నివేదిక రాశారు. పైనుంచి ఆమోదం వచ్చింది. విద్యార్థులు అక్కడే ఉండి పరీక్షలు రాశారు.

మరుసటి ఏడు నర్సింగరావు గారే ఒక నక్షా, అంటే ఇంటి ప్లాను, పట్టుకొని ఆఫీసుకు వచ్చారు. ఆయనా మేడ మీద విద్యార్థులకు గదులు వేస్తున్నారు.

"తానాల గది సడక్ దిక్కు పెట్టిన, జర చూడుండ్రి. రేపు లక్ష్మీబాయమ్మ నా మీద కాగితం పెడ్తే పరేషాన్ అయితది" అన్నారు.

యాదగిరి గారు ఇప్పుడు లేరు, పోయిన సంవత్సరం చనిపోయారు. నక్షాలో గోడలు, గదుల కొలతలు ఉంటాయి. పొద్దున నల్లా దగ్గర ఎవరు ఎవరి కంటపడతారో ఉండదు. ఆ పెరడు చూసిన రోజు నుంచి పదవీ విరమణ దాకా, విద్యార్థుల గదుల నక్షా ఏది వచ్చినా పక్కింటి పెరడు కూడా గీసి తెమ్మని అడిగాను.