జానకీదేవి మజిలీలు

జానకీదేవి పుట్టిల్లు మొగల్తూరు. సముద్రం అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా పెళ్ళికి ముందు ఆమె సముద్రాన్ని చూసింది ఒకటి రెండు సార్లే. అదీ కార్తీకమాసం స్నానాలకి వెళ్ళినప్పుడు, చుట్టూ దుప్పట్లు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడితే వాటి సందుల్లోంచి. పెళ్ళయి భీమవరం పక్క పల్లెకి కాపురానికొచ్చాక ఆ మాత్రం కూడా లేకపోయింది. రాజుల ఇళ్ళలో అప్పటికి ఘోషా చాలావరకు సడలింది. భీమవరంలో వాళ్ళ చుట్టాల ఆడపిల్లలు చక్కగా కాలేజీకి వెళ్ళి చదువుకుంటున్నారు. కానీ అత్తగారు బంగారమ్మ పట్టుదల మనిషి. ఆ ఇంటి అంబాసిడర్ కారు కిటికీలకి ముదురాకుపచ్చ తెరలు ఉండాల్సిందే. భర్త మాధవరాజుకి ఈ సంగతిలో సొంత అభిప్రాయమంటూ ఏమీ లేదు. ఇంట్లో మాట అమ్మది, పొలం పని తనది.

డెబ్భై ఎనిమిది వేసవిలో రెండో పంట దాళ్వా కోతలయ్యాయి, కాలవలకి నీళ్ళు కట్టేశారు. మాధవరాజు కోయంబత్తూరు వెళ్ళి నీళ్ళ మోటార్లు చూసి రావాలనుకున్నాడు. బంగారమ్మకి తిరుపతి, శ్రీరంగం మొక్కులున్నాయి. జానకీదేవి కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయి ఇల్లు బోసిగా ఉంది. అందుకని కారు వేసుకుని దక్షిణాది అంతా తిరిగొద్దామని ఒకరోజు భోజనాల దగ్గర ప్రకటించాడు. అంతటితో ఊరుకోలేదు.

"దారిలో చూడాల్సినవేవో నువ్వే చూసి పెట్టు జానకీ. నీకలాంటివి ఇష్టం కదా" అన్నాడు.

ఆయన ఆ మాట అన్నం కలుపుతూ అన్నాడు, చెయ్యి కడుక్కునేసరికి మర్చిపోయాడు కూడా. జానకీదేవి మర్చిపోలేదు. రాజమండ్రిలో ఉన్న అన్నగారు వేణుగోపాలరాజుకి కబురు పెట్టి రోడ్డు మ్యాపు తెప్పించుకుంది. మధ్యాహ్నాలు అత్తగారు నడుం వాల్చాక దాన్ని నట్టింట్లో పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా నాలుగు మూలలా ఇత్తడి గ్లాసులు పెట్టి, ఎర్ర పెన్సిలుతో దారి గీసుకునేది. ఆ దారిలో వెళ్ళొచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారో కనుక్కుని వాళ్ళ ఆడవాళ్ళని ఇంటికి పిలిపించింది. తీరా అడిగితే ఒకావిడకి మధురైలో చట్నీ చప్పగా ఉండటం తప్ప ఇంకేమీ గుర్తులేదు. ఇంకొకావిడ ఊటీ ఘాట్ రోడ్డు పొడుగునా నిద్రపోయిందట. ఎక్కడ ఏం బాగుంటుందో, ఏ వేళప్పుడు చూడాలో చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు.

చివరికి రేడియోలో విన్నవీ, వారపత్రికల్లో చదివినవీ, అటకమీద పాత క్యాలెండర్లలో ఉన్న బొమ్మలూ ఆధారం చేసుకుని తనే నిర్ణయించుకుంది. తెల్లవారుజామున మూడింటికే బయల్దేరి కృష్ణ బ్యారేజి మీద సూర్యోదయం చూడాలి. మహాబలిపురంలో సాయంత్రం ఇసకలో కూర్చోవాలి. కన్యాకుమారిలో ఒక రోజు ఉండాలి. నీలగిరి ఎక్కేటప్పుడు లోయ కనిపించే మలుపుల్లో ఆగాలి. అన్నిటికంటే ముఖ్యం మైసూరు దాటాక శివసముద్రం. ఒక ఎరువుల కంపెనీ క్యాలెండరులో కావేరి నది ఆ కొండ మీంచి పాలపొంగులా విరుచుకుపడుతున్న బొమ్మ ఉంది. ఆ ఏడాది అయిపోయినా ఆ క్యాలెండరుని ఆమె గోడ మీంచి తియ్యనివ్వలేదు.

ప్రయాణం మొదట్లోనే ఆమె లెక్క తప్పింది. తెల్లవారుజామున వర్జ్యం ఉందని బంగారమ్మ కదల్లేదు. అది వెళ్ళాక రాహుకాలం వచ్చింది. చిన్నబ్బాయి అనే డ్రైవరు కారు తుడిచిందే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాడు. బ్యారేజి మీదకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. తెర కాస్త తొలగించి చూస్తే కింద ఇసక మేటలు, కళ్ళల్లోకి కొట్టే ఎండ. అక్కడ తాగుదామని ఫ్లాస్కులో పోసుకున్న కాఫీ గుంటూరు దాటాక తాగారు.

తిరుపతిలో దర్శనం బాగా అయింది. బంగారమ్మ సంతోషంగా ఉంది కాబట్టి మహాబలిపురం సంగతి నిలబడుతుందనుకుంది జానకీదేవి. కారు సముద్రం ఒడ్డుకి వెళ్ళింది కూడా. కానీ అక్కడ రెండు బస్సుల కాలేజీ కుర్రాళ్ళు దిగి గోల గోలగా ఉన్నారు. మాధవరాజు దిగి అటూ ఇటూ చూసి, జనం మరీ ఎక్కువగా ఉన్నారు, కారులోంచి చూసేయమన్నాడు. తను మాత్రం నీళ్ళదాకా వెళ్ళి కాళ్ళు తడుపుకుని వచ్చాడు. పంచె అంచుకి అంటిన తడి ఇసక కారులో రాలుతుంటే జానకీదేవి దానికేసి చూస్తూ కూర్చుంది.

శ్రీరంగం మొక్కు కూడా తీరి మధురై చేరాక కన్యాకుమారి ఎగిరిపోయింది. కోయంబత్తూరు మోటార్ల వ్యాపారి ఆ వారాంతం ఊళ్ళో ఉండడని తెలిసి, కిందకి వెళ్ళొస్తే ఆలస్యమైపోతుందని మాధవరాజు కారు పడమటికి తిప్పించేశాడు. కన్యాకుమారి ఎక్కడికీ పోదులే అన్నాడు. కోయంబత్తూరులో మాత్రం రెండు రోజులు పట్టింది. గదిలో ఫ్యాను కింద కూర్చుని అత్తాకోడళ్ళు ఆ రెండు రోజులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నీలగిరి ఎక్కుతుంటే బంగారమ్మకి కడుపులో తిప్పింది. లోయ కనిపిస్తే ఇంకా భయమని రెండు వైపులా తెరలు గట్టిగా బిగించమంది. నిమ్మకాయ వాసన చూపిస్తూ, వీపు రాస్తూ, మలుపు మలుపుకీ అటూ ఇటూ ఒరుగుతూ జానకీదేవి కొండ మీదకి చేరుకుంది. ముందు సీట్లోంచి మాధవరాజు ఆహా ఓహో అంటూనే ఉన్నాడు. ఆయన అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

మైసూరులో ఆమె భర్తని ఒంటరిగా పట్టుకుని, ఇప్పటిదాకా ఏదీ అడగలేదు, శివసముద్రం మాత్రం వదలనని చెప్పింది. గొంతులో ఏదో తేడా వినిపించిందేమో, ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. సామానంతా సత్రంలో ఉంచి పొద్దున్నే బయల్దేరారు. దారి పొడుగునా ఆమె చెవి ఒగ్గి కూర్చుంది. అంత ఎత్తు నుంచి నీళ్ళు పడుతుంటే ఆ హోరు ఎంతో దూరం వినిపిస్తుందని పత్రికలో చదివింది.

ఏ హోరూ వినిపించలేదు. కారు ఆగింది. ఎదురుగా పెద్ద నల్లరాతి కొండ, దాని మీద ఆరిపోయిన చారికలు. ఒక మూల మాత్రం సన్నగా, వంటింటి కుళాయి తిప్పినట్టు, నీటిధార ఒకటి జారుతోంది. అక్కడున్న కాపలావాడు కన్నడంలో ఏదో చెబితే చిన్నబ్బాయి సగం సగం అర్థం చేసుకుని చెప్పాడు. వేసవిలో ఉన్న నీళ్ళన్నీ కరెంటు తయారీకి మళ్ళించేస్తారట. వానలు పడ్డాక శ్రావణంలో రావాలట.

మాధవరాజు పడీపడీ నవ్వాడు. "వేసవిలో మన కాలవలే కట్టేస్తారని తెలుసు కదా. ఇక్కడ నీ కోసం కావేరిని వదులుతారనుకున్నావా?" అన్నాడు.

జానకీదేవి కారు తలుపు తీసుకుని దిగింది. అత్తగారు లోపలినుంచి పిలుస్తున్నా వెనక్కి చూడకుండా రాతి అంచుదాకా నడిచింది. మాధవరాజు వెనకే వచ్చాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"మోటార్ల కోసం మీరు ముందుగా ఎంతమందిని అడిగారండి?" అంది ఆమె, ఆ కొండకేసే చూస్తూ.

"అడక్కపోతే ఎలా? తెలిసినవాళ్ళందర్నీ అడిగాను."

"నేనూ అడిగేదాన్నే. మైసూరులో ఎవర్నడిగినా చెప్పేవారు నీళ్ళు లేవని. అడగాలంటే నేను కారు దిగాలి కదండీ."

ఆమె ఏడవలేదు. కాసేపు అక్కడే నిలబడి, వచ్చి కారెక్కి, తన వైపు తెర తాడు తెంపేసి గుడ్డని సీటు కిందకి తోసేసింది. బంగారమ్మ ఎండ మొహాన పడుతోందని సణిగి తన వైపుది మాత్రం ఉంచుకుంది.

మర్నాడు మైసూరు వదిలేటప్పుడు పెట్రోలు బంకు దగ్గర ఆగారు. పక్కన బస్సు కోసం నిలబడిన ఒకావిడ పిల్లని తెలుగులో కసురుకుంటోంది. జానకీదేవి దిగి ఆమె దగ్గరికి వెళ్ళింది. పరాయి ఊళ్ళో, నడిరోడ్డు మీద, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడటం ఆమెకి అదే మొదలు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, ఈ చుట్టుపక్కల ఈ రోజుల్లో చూడ్డానికి బాగుండేది ఏదైనా ఉందాండి అని అడిగింది. కోలారు వైపు తెలుగు కుటుంబమట వాళ్ళది. శ్రీరంగపట్నం దగ్గర రంగనతిట్టు అని కావేరిలో లంకలున్నాయనీ, పక్షులు పిల్లలతో ఉండేది ఇప్పుడేననీ, పడవ మీద తిప్పుతారనీ చెప్పింది. దారి కూడా చెప్పింది.

శ్రీరంగపట్నంలో రంగనాథుడున్నాడు కాబట్టి బంగారమ్మ అభ్యంతరం చెప్పలేదు. దర్శనమయ్యాక కారు ఏటి గట్టుకి వెళ్ళింది. లంకల మీద చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. దగ్గరికి వెళ్తే అది పూత కాదు, కొమ్మ కొమ్మకీ గూళ్ళు, గూళ్ళలో పక్షులు. జానకీదేవి పడవలో కాలుపెట్టబోతుంటే వెనకనుంచి, "నన్నూ దించు అమ్మాయ్" అన్న మాట వినబడింది. బంగారమ్మ చిన్నబ్బాయి చెయ్యి పట్టుకుని గట్టు దిగుతోంది. ముసలావిడని జాగ్రత్తగా మధ్యలో కూర్చోబెట్టారు.

పొడుగు ముక్కుల కింద సంచీలు వేలాడేసుకుని పెద్ద పెద్ద పక్షులు నెత్తిమీంచి వెళ్తుంటే మాధవరాజు మళ్ళీ నవ్వాడు. ఇవి గూడబాతులు, కొల్లేట్లో కావలసినన్ని ఉంటాయి, ఇంత దూరం వచ్చింది వీటి కోసమా అన్నాడు.

"కొల్లేరు మనూరికెంత దూరమండి?" అంది జానకీదేవి.

"ఎంతో లేదు."

"నన్నెప్పుడు తీసుకెళ్ళారు?"

పడవవాడికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. గట్టుకి వచ్చేదాకా బంగారమ్మ ఒక్కతే మాట్లాడింది. అదిగో అబ్బాయి, అక్కడ పిల్ల నోరు తెరిచింది చూడు, అని.

ఇంతటితో అన్నీ చక్కబడ్డాయనుకుంటే పొరపాటే. తిరుగు ప్రయాణంలో తాడేపల్లిగూడెం దాటాక మాధవరాజు కారాపించి, సీటు కిందనున్న తెర తీసి కట్టమని చిన్నబ్బాయికి చెప్పాడు. ఊళ్ళో చూసినవాళ్ళు ఏమనుకుంటారు అన్నాడు. చిన్నబ్బాయి అటూ ఇటూ చూసి కట్టేశాడు. జానకీదేవికి కొండలూ, సముద్రాలూ తప్పిపోయినప్పుడు కూడా అంత కోపం రాలేదు. ఇల్లు చేరి కాళ్ళు కడుక్కున్నాక, ఆ తెరలున్నన్నాళ్ళూ ఆ కారెక్కనని చెప్పేసింది.

ఏదో కోపంలో అందని అందరూ అనుకున్నారు. శ్రావణంలో భీమవరంలో చుట్టాలింట్లో నోములు వచ్చాయి. కారు గుమ్మం ముందుకొచ్చింది. ఆమె దాని పక్కనుంచి నడిచి వెళ్ళి రోడ్డు మీద బస్సెక్కింది. పట్టుచీరతో, గుడ్డ కట్టిన పళ్ళెం చేతిలో పట్టుకుని, మార్కెట్టుకి వెళ్ళే గంపల మధ్య నిలబడి వెళ్ళింది. ఇంకోసారి పంటి డాక్టరు దగ్గరికీ అలాగే వెళ్ళింది. మాధవరాజు బతిమాలాడు, కసిరాడు, రెండు రోజులు భోజనం దగ్గర మాట్లాడ్డం మానేశాడు. ఆమె చలించలేదు. మూడోసారి ఆవిడ బస్టాండులో నిలబడి ఉండగా చూశామని ఊళ్ళోనే ఉండే పల్లంరాజుగారి ఇంట్లోంచి కబురొచ్చేసరికి బంగారమ్మే చిన్నబ్బాయిని పిలిచింది.

"ఆ గుడ్డలు పీకి పారెయ్యరా. కోడలు బస్టాండులో నిలబడటం కంటే అదే నయం."

ఆ కార్తీకంలో మాధవరాజు ఎవరూ అడక్కుండానే కొల్లేరు తీసుకెళ్తానన్నాడు. వెళ్ళారు. దారిలో చేపల చెరువు బేరం ఒకటి తగిలి ఆయన అక్కడ గంటలకొద్దీ ఉండిపోతే, అందరూ కొల్లేరు చేరేసరికి చీకటి పడింది. ఆమె భర్తతో పెట్టుకున్న చివరి మజిలీ అదే. ఆ తరవాత ఆయన కోసం ఎదురుచూడటం మానేసింది. రెండేళ్ళ తరవాత వేసవిలో అత్తగారినీ, అన్నగారి భార్యనీ ఎక్కించుకుని చిన్నబ్బాయితో అరకు బయల్దేరింది. ఈసారి ముందుగా ఏమీ గీసుకోలేదు. దారిలో టీ కొట్టు దగ్గరా, రైల్వే గేటు దగ్గరా దిగి అడుగుతూ వెళ్ళింది. ఘాట్ రోడ్డు మొదలయ్యాక కనిపించిన ప్రతి మలుపులోనూ ఆపమంది.

"ఇలా ఆపుకుంటూ పోతే ఇవాళకి చేరమండి అమ్మగారూ" అన్నాడు చిన్నబ్బాయి.

"చేరకపోతే ఏమైందిరా?" అంది జానకీదేవి, తలుపు తీసుకుంటూ. వెనక సీట్లో బంగారమ్మ, ఇక్కడేం ఉందని ఆపారు, చెట్లే కదా అని విసుక్కుంటూనే చెప్పులు వెతుక్కుంటోంది.