ఓబులేసుతో పలక మీద ఒప్పందం

ఒకే ఒక్క మాటతో, పొద్దెక్కకముందే, నా గనిని నేనే మూసేసుకున్న వైనం చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నేనైతే ఆ రోజు నవ్వలేదు.

అవి మద్రాసు రాజధాని రోజులు. మార్కాపురం పక్కన నాకో చిన్న పలకల గని ఉండేది. అంతమంది పిల్లల చేతికి పలకలిచ్చిన నాకు ‘అ’ కూడా రాదు. మిఠాయి కొట్టువాడు పస్తులున్నట్టు అనుకోండి.

బండ చీల్చడంలో మొనగాడు ఓబులేసు. మామా అని పిలిచేవాణ్ణి. తవ్విన బండను తడి ఆరకముందే ఉలి పెట్టి కొడితే అప్పడాల్లా పొరలుగా విడిపోతుంది. ఆరిందా, ఇక మెట్టు రాయికే పనికొస్తుంది. మిగతా ఆరుగురూ అతని చెయ్యి చూసి పనిచేసేవాళ్ళు.

ఆ రోజు బండలు పైకి వచ్చాయి, ఓబులేసు రాలేదు. బడులు తెరిచేలోగా పలకలు కావాలని, నా దగ్గర సరుకు కొనే కంభం శెట్టి వచ్చి కూర్చున్నాడు. ఆయన ముందు నా పెద్దరికం చూపించాలనిపించింది. ఓబులేసు కనబడగానే, "నీకు ఇంక ఈడ పని లేదు మామా, పో" అన్నాను. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. అడిగితే యజమానిని ఎట్లా అవుతాను?

అతను వెనక్కి తిరిగాడు. ఆరుగురూ ఉలులు కింద పెట్టి అతని వెంట నడిచారు.

నేనే ఉలి పట్టాను. మొదటి బండ మూడు ముక్కలైంది. తర్వాతి వాటిని చూడలేక శెట్టి మొహం తిప్పుకున్నాడు. ఎండ ముదిరింది. తడి గోనెలు కప్పుతూ, జ్వరమొచ్చిన బిడ్డకు చేసినట్టు బండలకు సేవ చేశాను.

చివరికి శెట్టే లేచాడు. "నీ పౌరుషం మీద రాసుకుంటారా ఏంది పిల్లోళ్ళు? పద" అని నన్ను ఓబులేసు ఇంటికి లాక్కుపోయాడు. అక్కడ తెలిసింది. నా గని ఉలులే కొన్ని మొద్దుబారితే, పదును పెట్టించడానికి అతను పొద్దున్నే కమ్మరి దగ్గరికి వెళ్ళాడట.

"అడిగింటే చెప్పేవాణ్ణి గదా అల్లుడా" అన్నాడు.

శెట్టి ఇద్దరి మాటా విని తేల్చాడు. కారణం అడగకుండా నేనెవరినీ తీసేయకూడదు. చెప్పకుండా వాళ్ళు పని ఆపకూడదు. తగువొస్తే ముందు తన దగ్గర కూర్చోవాలి. కాగితం మీద రాస్తానన్నాడు. ఇక్కడే నా తెలివి పనిచేసింది. "మన పలక ఉండగా కాగితం దేనికి శెట్టీ" అన్నాను. పలకైతే తడిగుడ్డతో ఒక్క తుడుపు! శెట్టి బలపంతో రాశాడు. దాన్ని తాను దాస్తానని ఇంట్లో పెట్టి ఓబులేసు ఆరుగురితో పాటు పనిలోకి వచ్చాడు. సగం బండలైనా దక్కాయి. మర్నాడు ఆ పలకను తెచ్చి గని పాకలో వేలాడదీశాడు.

నెల తిరక్కముందే అతని మీద మళ్ళీ కోపమొచ్చింది. ఎందుకో ఇప్పుడు గుర్తులేదు. అంత గొప్ప కారణమన్నమాట. తడిగుడ్డ తీసుకుని పలక దగ్గరికి వెళ్ళాను. రుద్దాను. ఉమ్మేసి రుద్దాను. ఒక్క అక్షరం కదల్లేదు. శెట్టి గీతల వెంబడే ఓబులేసు ఇంట్లోనే ఉలి మొనతో చెక్కేసి తెచ్చాడు.

వెనకనుంచి అతని గొంతు వినిపించింది.

"బాగా రుద్దు అల్లుడా. దుమ్ముపట్టి సరిగ్గా అగపడ్డంలా."

నలభై దాటాక ఆ చెక్కిన అక్షరాల మీదే వేలు పెట్టి దిద్దుకుని చదువు నేర్చుకున్నాను. ఇప్పుడు నా చేత్తో రాసి ప్రమాణం చేస్తున్నాను: ఎవరినైనా పొమ్మనే ముందు ఎందుకని అడుగుతాను. చెరిపేసే ఉద్దేశంతో ఒప్పందమంటూ చేసుకుంటే, ఉలి లేనివాడితోనే చేసుకుంటాను.